పాలమూరు కూలీలకు పేర్లున్నాయి

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రికలో జిల్లా పేజీ రోజూ చదువుతాను. పుణెలోనో ముంబైలోనో గోడ కూలి పాలమూరు కూలీలు చనిపోయారని వార్త వస్తే, అందులో కాంట్రాక్టర్ పేరుంటుంది, పరామర్శకు వెళ్లిన నాయకుల పేర్లుంటాయి, అధికారి పేరూ హోదా ఉంటాయి. చనిపోయినవాళ్లు మాత్రం 'ముగ్గురు కూలీలు'. నా విశ్వాసం ఈ సంగతి దగ్గర నన్ను ఊరుకోనివ్వదు కాబట్టి రాస్తున్నాను.

మాది నారాయణపేట జిల్లా మద్దూరు మండలం. అంగన్‌వాడీ టీచర్‌ని. అమ్మ, నాయిన కూలీలను గుంపుగా పనికి తీసుకుపోయే గుంపు మేస్త్రీ వెంట వలస పోయేవాళ్లు. దసరా దాటితే ఊరు సగం ఖాళీ అయ్యేది, నేను అవ్వ దగ్గర ఉండేదాన్ని. మేస్త్రీ నోటుబుక్కులో నాయిన పేరు ఎదురుగా అడ్వాన్సు ఎంతో రాసి ఉండేది. అమ్మకు పేరు లేదు. నాయిన పేరు కింద 'భార్య' అని ఉండేది. ఇటుకలు, కంకర మోసిన ఆమె కూలీ కూడా అందులోనే కలిసిపోయేది. సైటు మీద ఆమెను 'ఏయ్ పాలమూరు' అని పిలిచేవాళ్లట.

అమ్మకు చదువు రాదు. ఎంబీ (మెన్నొనైట్ బ్రదరన్) చర్చిలో విని విని నోటికి వచ్చిన వాక్యాలు చాలా ఉండేవి. అన్నిటికన్నా ఎక్కువగా బైబిల్లోని 56వ కీర్తనలోది చెప్పుకునేది: "నా సంచారములను నీవు లెక్కించి యున్నావు, నా కన్నీళ్లు నీ బుడ్డిలో నుంచబడి యున్నవి, అవి నీ కవిలెలో కనబడును గదా." కవిలె అంటే లెక్కల పుస్తకం. గాతు అనే ఊళ్లో శత్రువులైన ఫిలిష్తీయుల చేతికి చిక్కినప్పటి దావీదు కీర్తన అది. పరాయి చోట భయంతో ఉన్న మనిషి చేసిన ప్రార్థన. "మేస్త్రీ బుక్కుల నేను లేకుంటే ఏమాయె, దేవుని కవిలెల ఉన్న" అనేది అమ్మ. రేషన్ కార్డులో పేరున్నదని చెప్పినంత గట్టిగా అనేది.

దేవుడు అందరినీ ప్రేమిస్తాడని క్రిస్మస్ శుభాకాంక్షల్లో అందరం రాసుకుంటాం. మంచి మాటే. కానీ గుంపులో ఒకరిగా ప్రేమించడం వేరు, నన్ను నన్నుగా ఎరిగి ప్రేమించడం వేరు. బైబిల్లో గలతీయులనే విశ్వాసులకు రాసిన ఉత్తరంలో అపొస్తలుడు పౌలు, దేవుని కుమారుడు "నన్ను ప్రేమించి" నా కోసం తనను తాను అప్పగించుకున్నాడు అంటాడు. సిలువ గురించి అంత సొంతంగా మాట్లాడే హక్కు మద్దూరు నుంచి కూలికి పోయే ఆడమనిషికీ ఉందని నేను నమ్ముతున్నాను.

నేను మళ్లీ మళ్లీ చదివేది ఆదికాండం 16వ అధ్యాయంలోని హాగరు కథ. ఆమె ఐగుప్తు (ఈజిప్టు) మనిషి, శారయి ఇంట్లో దాసి. ఆ అధ్యాయంలో శారయి గానీ ఆమె భర్త అబ్రాము గానీ ఒక్కసారి కూడా ఆమెను పేరు పెట్టి పిలవరు. ఆమె గురించి మాట్లాడినా 'నా దాసి', 'నీ దాసి' అనే అంటారు. కడుపుతో ఉన్న ఆమె, యజమానురాలు పెట్టే బాధ పడలేక అరణ్యంలోకి పారిపోతుంది. షూరు దారిలో నీటి ఊట దగ్గర దేవుని దూత ఆమెను 'హాగరూ' అని పిలుస్తాడు. ఎక్కడి నుంచి వచ్చావు, ఎక్కడికి పోతున్నావు అని అడుగుతాడు. వలస వచ్చిన మనిషిని ఎవరైనా ముందుగా అడగాల్సినవి ఈ రెండే కదా! అప్పుడామె "చూచుచున్న దేవుడవు నీవే" అని తనతో మాట్లాడిన దేవునికే పేరు పెడుతుంది. అంత పెద్ద పని చేసింది పారిపోయిన ఒక పనిమనిషి.

లూకా 16లో యేసు చెప్పిన కథ కూడా మీకు తెలిసే ఉంటుంది. రోజూ సుఖంగా బతికే ధనవంతుడికి అందులో పేరు లేదు. అతని వాకిట్లో కురుపులతో పడి ఉన్న బీదవాడికి లాజరు అని పేరుంది. మన వార్తల్లో ఇది తలకిందులైంది.

నాయిన సైటు మీదే పోయాడు. అప్పుడు నేను తొమ్మిదో తరగతి. ఒక పత్రికలో వచ్చిన నాలుగు లైన్లలో ఆయన 'పాలమూరుకు చెందిన కూలీ'. దేవుడు చూస్తూనే ఉంటే ఇట్లా ఎందుకైందని అవ్వను అడిగాను. ఆమె దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ నా దగ్గర కూడా లేదు. హాగరును కూడా దూత తిరిగి ఆ యజమానురాలి దగ్గరికే పొమ్మన్నాడు. ఆ మాట చదివినప్పుడల్లా నాకు కష్టంగానే ఉంటుంది. అయినా నాయిన ఎవరికీ తెలియని మనిషిగా పోలేదు. ఎడమ చేతి బొటనవేలు వంకర. జొన్నరొట్టెలోకి ఉల్లిగడ్డ కారం ఉంటే ఇంకేమీ అడగడు. చర్చిలో అందరికన్నా గట్టిగా పాడేవాడు, శ్రుతి మాత్రం కుదిరేది కాదు. తల వెంట్రుకలు కూడా లెక్కపెట్టి ఉన్నాడని యేసు చెప్పిన దేవుడికి ఇవన్నీ తెలుసు, ఇవన్నీ ఇష్టం.

మతం మారమని చెప్పడానికి రాసిన ఉత్తరం కాదిది. చనిపోయినవాళ్లు ఎవరికి మొక్కేవాళ్లైనా నేను కోరేది ఒకటే. పేరు, ఊరు, వయసు, ఇంట్లో ఎవరున్నారో రాయండి. పోలీసుల దగ్గర వెంటనే దొరకకపోతే గుంపులో మిగిలినవాళ్లను అడగండి, పిల్లలు ఏ క్లాసు చదువుతున్నారో కూడా చెప్తారు. మొదటి రోజు వీలుకాకపోతే మర్నాడైనా వేయండి. ఇంటిపేరు కూడా తప్పకుండా రాయండి. మా వైపు ఒక్కో ఊళ్లో బాలప్పలు, ఆశప్పలు చాలామంది ఉంటారు.

ఇట్లు,
ఒక అంగన్‌వాడీ టీచర్,
మద్దూరు మండలం, నారాయణపేట జిల్లా