వర్తక సంఘం చరిత్ర సావనీరులో కాదు, తగవుల ఫైళ్లలో ఉంటుంది

సంపాదకులకు నమస్కారం.

గుంటూరు చుట్టుపక్కల పట్టణాల్లో ఏ చాంబర్ ఆఫ్ కామర్స్ ఉత్సవాలు జరుపుకున్నా ఒక సావనీరు వేస్తుంది. అందులో మంత్రుల శుభాకాంక్షలు, అధ్యక్షుల ఫొటోలు, మిగతాదంతా ప్రకటనలు. మీ జిల్లా పేజీలో వచ్చేదీ ఆ ఫొటోల వార్తే. సంఘం ఇన్నేళ్లూ ఏం చేసిందన్నది బీరువా అడుగు అరలో, మినిట్స్ పుస్తకాల్లో, తగవుల ఫైళ్లలో పడి ఉంటుంది. పాత భవనం పడగొట్టి కాంప్లెక్స్ కట్టేటప్పుడు ముందుగా తూకానికి పోయేవి అవే. వాటిని ఎలా చదవాలో, ఎలా కాపాడాలో కార్యవర్గాలకు పనికొస్తుందని రాస్తున్నాం.

సంఘం పుట్టిన ఏడు దగ్గరే తప్పు మొదలవుతుంది. బోర్డు మీద ఉన్నది చాలాసార్లు రిజిస్ట్రేషన్ ఏడాదో, భవనానికి శంకుస్థాపన చేసిన ఏడాదో అయి ఉంటుంది. మొదటి సమావేశం అంతకు ఎంతో ముందే జరిగి ఉండొచ్చు. చాంబర్ అన్న పేరు తర్వాత తగిలించుకున్నదీ కావచ్చు. మద్రాసులో తెల్ల కంపెనీలు 1836లో, దేశీయ వర్తకులు 1909లో చాంబర్లు పెట్టుకున్నారు. ఆంధ్రా చాంబర్ 1928లో వచ్చింది. కాబట్టి ముందు రిజిస్ట్రేషన్ పత్రం తీసి అది ఏ చట్టం కిందిదో చూడాలి. 1860 నాటి సొసైటీల చట్టం కిందిదైతే, సర్వసభ్య సమావేశమైన 14 రోజుల్లోగా కార్యవర్గం జాబితాను ఏటా రిజిస్ట్రారుకు పంపాలని 4వ సెక్షన్ చెబుతుంది. నిజంగా పంపి ఉంటే అధ్యక్షుల వరుస అక్కడే తేలిపోతుంది. ఆ కాగితాలు ఎవరైనా చూడొచ్చు. చట్టంలో రాసుకున్న రుసుము చూడటానికి ఒక రూపాయి, నకలుకు నూరు మాటలకు రెండణాలు. ఇప్పుడా రేట్లు లేవనుకోండి! 2001లో మన రాష్ట్ర చట్టం వచ్చింది, జిల్లా రిజిస్ట్రారు కార్యాలయంలో అడగాలి. లాభాపేక్ష లేని కంపెనీగా పెట్టినదైతే కంపెనీల రిజిస్ట్రారు దగ్గర, 1926 ట్రేడ్ యూనియన్ల చట్టం కిందిదైతే కార్మిక శాఖ దగ్గర వెతకాలి. షావుకార్ల సంఘానికి యూనియన్ చట్టమేమిటని ఆశ్చర్యపోనక్కర్లేదు, యజమానుల సంఘాలకూ అందులో చోటుండేది.

పుస్తకం తెరిచాక తేదీలు తికమక పెడతాయి. ఫసలీ (పాత రెవెన్యూ సంవత్సరం) సంఖ్యకు 590 కలిపితే ఆ ఏడు జులై 1 నుంచి మొదలయ్యే సంవత్సరం వస్తుంది. ఫసలీ 1343 అంటే 1933 జులై నుంచి 1934 జూన్ దాకా. తెలుగు సంవత్సరం పేరు ఒక్కటే ఉంటే దాన్ని నమ్ముకోకూడదు. శ్రీముఖ 1933లోనూ వచ్చింది, 1993లోనూ వచ్చింది.

తేదీల కంటే తూకాలతో ప్రమాదం ఎక్కువ. మన వైపు లెక్కలో 3 తులాలు ఒక పలం, 40 పలాలు ఒక వీశె, అంటే దాదాపు 1,400 గ్రాములు. 8 వీశెలు ఒక మణుగు, అది 11 కిలోల పైచిలుకు. 20 మణుగులైతే పుట్టి, సుమారు 224 కిలోలు. ధాన్యం పుట్టి వేరు, అది 20 తూముల కొలత, తూము ఊరికో తీరు. ఇక రైల్వే రసీదుల్లో కనిపించే మణుగు 40 సేర్లది, 37 కిలోల చిల్లర. 'వెయ్యి మణుగుల సరుకు పంపాం' అన్న వాక్యం 11 టన్నులకూ చెల్లుతుంది, 37 టన్నులకూ చెల్లుతుంది. పక్కన రైల్వే రసీదు ఉందో లేదో చూడకుండా టన్నుల్లోకి మార్చి అచ్చేస్తే ఆ ఊరి వ్యాపారం మూడింతలకు పైగా పెరిగిపోతుంది. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చాయి. మెట్రిక్ తూకాలు 1958 అక్టోబరు నుంచి విడతలవారీగా వచ్చాయి. ఆ నాలుగైదేళ్ల పుస్తకాల్లో రెండు లెక్కలూ కలగలిసి ఉండొచ్చు.

మా దృష్టిలో అన్నింటికన్నా విలువైనవి, వర్తకుల తగవుల్లో సంఘం ఇచ్చిన మధ్యవర్తి తీర్పుల ఫైళ్లు. సన్మాన తీర్మానాలన్నీ ఒకే మూసలో ఉంటాయి. తగవు అలా కాదు, సరుకు ఎలా ఉందో, ఎక్కడ మోసం జరిగిందో చెప్పక తప్పదు. ఎండుమిర్చినే తీసుకోండి. తగాదా తాలు (రంగు పోయిన) కాయల వాటా మీద రావచ్చు, గోతం తరుగు మీద రావచ్చు, డబ్బు చెల్లించాల్సిన గడువు మీద రావచ్చు. ఎక్కువ చిక్కు తేమతోనే. 15 శాతం తేమతో 40 కిలోలు తూగిన టిక్కీ (మిర్చి బస్తా), 11 శాతానికి ఆరేసరికి 38.2 కిలోలే ఉంటుంది. ఆ కిలో ముప్పావు ఎవరి నెత్తిన పడాలి, అమ్మినవాడిదా, కొన్నవాడిదా? దీనికి సంఘం ఏ ఏడు ఏం చెప్పిందో వరుసగా పెట్టి చూస్తే ఆ బజారు కట్టుబాట్లు ఎలా మారుతూ వచ్చాయో తెలుస్తుంది. ధర్మాదాయం పద్దూ అలాంటిదే. బస్తాకింతని వసూలు చేసిన ఆ సొమ్ము ఏ సత్రానికి, ఏ బడికి పోయిందో రాసి ఉంటుంది. అది వర్తకుడి ఆదాయం కిందికి రాదని 1970ల చివర్లో సుప్రీంకోర్టు తేల్చింది. అంతకు ముందు పుస్తకాల్లో దాని మీద ఆదాయపు పన్ను గొడవ ఉందేమో చూడండి.

సమయం తక్కువైతే కొన్ని సంవత్సరాలు పట్టుకుంటే చాలు. 1939లో మద్రాసు అమ్మకపు పన్ను, 1966లో మార్కెట్ల చట్టం, 1978లో పెద్ద నోట్ల రద్దు, 2005లో వ్యాట్, 2017లో జీఎస్టీ. అప్పటి సమావేశాల్లో హాజరు, కొట్టివేసిన వాక్యాలు, వీగిపోయిన తీర్మానాలు చూడాలి. సంఘంలో చీలిక ఉంటే అక్కడ బయటపడుతుంది.

కాగితాల సంగతి. దయచేసి లామినేషన్ చేయించకండి. వేడికి, జిగురుకు పాత కాగితం పాడవుతుంది, మళ్లీ విడదీయడం కుదరదు. సెల్లోటేపూ అంతే, కొన్నేళ్లకు పసుపు మరక మిగులుతుంది. తుప్పు పట్టిన గుండుసూదిని లాగొద్దు, కాగితం చిరుగుతుంది. వెనక వైపు మెల్లగా వంచి తీయాలి. బీరువాను గోడకు జానెడు ఎడంగా పెట్టాలి, లేకపోతే వానాకాలం చెమ్మ లోపలికి ఎక్కుతుంది. ఫొటోలకు స్కానర్ అక్కర్లేదు. ఫోనును స్టాండుకు బిగించి సరిగ్గా పేజీకి పైన ఉంచి, రెండు వైపుల నుంచీ ఏటవాలుగా దీపాలు పెడితే చాలు. ఫ్లాష్ వద్దు, సిరా మీద మెరుపు పడి అక్షరాలు పోతాయి. ఖాళీ పేజీలనూ తీయాలి, లేదంటే మధ్యలో ఏదో తీసేశారన్న అనుమానం ఉండిపోతుంది. 1990ల ఫ్యాక్సులు ఉంటే ముందు వాటినే తీయండి. ఆ నున్నటి కాగితం మీది రాత దానంతటదే వెలిసిపోతుంది.

అప్పులు, దివాలాలు, చెల్లని హుండీల (వర్తకుల పాత చెల్లింపు పత్రాల) కాగితాల్లో ఉన్న ఇంటిపేర్లు ఈనాటికీ అదే బజారులో ఉంటాయి. అచ్చు వేసేటప్పుడు ఆ పేర్లు తీసేసి తగవు ఒక్కటే ఉంచడం మర్యాద.

మీకూ ఒక విన్నపం. పాత సంచికల్లో మీరు వేసిన మార్కెట్ ధరల పట్టికలు సంఘాల పుస్తకాలతో పోల్చి చూడటానికి చాలా అవసరం. వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయంలో పాత పత్రికలు భద్రంగా ఉండబట్టే ఎందరో అక్కడికి వెళ్తున్నారు. మీ కార్యాలయంలో బైండు చేసి ఉంచిన సంపుటాలను నెలకొక రోజైనా ఇలాంటి పని చేసేవారికి చూపించగలరేమో ఆలోచించండి.

ఇట్లు,
పాత వర్తక దస్త్రాలు చదివే కొందరు,
గుంటూరు