బ్యారన్ పనితనాన్ని రాసిపెట్టాలి

సంపాదకులకు,

పొగాకు వేలం మొదలైందంటే మన జిల్లా పేజీలు కిలో ధరలతోనూ, నోబిడ్ బేళ్ల (ఎవరూ పాడని పొగాకు కట్టల) లెక్కలతోనూ నిండిపోతాయి. రైతుకు అవి కావలసినవే. అయితే వేలంలో బేలు దగ్గర కొనుగోలుదారు ఆగేది కొద్ది క్షణాలే. అప్పుడు అతను చూసే రంగు, బ్యారన్ (పచ్చి ఆకును వేడితో ఆరబెట్టే గది) దగ్గర అయిదారు రోజులు నిద్ర మానుకుని మంట కాచిన క్యూరర్, అంటే ఆకు ఆరబెట్టే పనివాడు, తెచ్చిన రంగు. ఆ పనివాళ్ల అనుభవాన్ని వాళ్ల మాటల్లోనే నమోదు చేసే ప్రయత్నం గట్టిగా జరగకపోవడం నన్ను బాధిస్తోంది.

వర్జీనియా రకం పొగాకు ఆకుకు పొగ తగలకూడదు. పొయ్యి బయట ఉంటుంది, వేడి మాత్రం ఇనుప గొట్టాల గుండా లోపలికి వెళుతుంది. మొదట తక్కువ వేడిలో ఆకును పండనివ్వాలి. అప్పుడే పచ్చదనం విరిగి, ఆకులోని పిండిపదార్థం చక్కెరలుగా మారుతుంది. తొందరపడి వేడి పెంచితే పచ్చదనం అలాగే నిలిచిపోతుంది, ఆలస్యమైతే ఆకు గోధుమరంగుకు తిరుగుతుంది. చివరికి ఈనె ఎండడానికి సుమారు 70 డిగ్రీల వరకు వెళ్లాలి. ఎండిన ఆకు జారి గొట్టం మీద పడితే బ్యారనే కాలిపోతుంది. థర్మామీటరు ఉన్నా, ఎప్పుడు వేడి పెంచాలో ఆకును చేత్తో తాకి చెప్పగల పెద్దవాళ్లు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు.

1839లో అమెరికాలోని నార్త్ కరోలినాలో స్టీఫెన్ అనే బానిస, ఆరిపోతున్న మంటను బొగ్గులతో రాజేసినప్పుడు ఆకు మెరిసే పసుపు రంగుకు తిరిగిందని చెబుతారు. లాభం యజమానికి వెళ్లినా స్టీఫెన్ పేరు పొగాకు చరిత్రలో నిలిచింది. ఇక్కడ 1976లో గుంటూరు కేంద్రంగా పొగాకు బోర్డు ఏర్పడిన సంగతి, తర్వాత వేలం పద్ధతి వచ్చిన సంగతి అందరికీ తెలుసు. కొండపి, టంగుటూరు, పొదిలి, కలిగిరి ప్రాంతాల క్యూరర్లలో ఒక్కరి పేరైనా మనం చెప్పగలమా?

పొగాకు ఆరోగ్యానికి చేసే హాని కాదనలేనిది. ఈ నమోదు పంటను పొగడడానికి కాదు, కాబట్టి అందులో కష్టం కూడా ఉండాలి. మంచుతో తడిసిన ఆకు కోసేటప్పుడు నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి దిగి తల తిరిగి వాంతులు చేసుకున్న కూలీల మాట, కర్రలకు ఆకు అల్లి, గ్రేడింగ్ చేసి ఆ ఘాటు మధ్యే రోజంతా గడిపిన ఆడవాళ్ల మాట, బ్యారన్ల పొయ్యిల్లోకి వెళ్లిన కట్టెల లెక్క అన్నీ రావాలి.

పొగాకు బోర్డు, కందుకూరులోని పొగాకు పరిశోధన కేంద్రం కలిసి, వాడకం ఆగిన పాత బ్యారన్‌ను ఒకదానినైనా పొయ్యితో, గొట్టాలతో సహా కాపాడాలని, వచ్చే క్యూరింగ్ కాలంలోనే పెద్ద వయసు క్యూరర్ల, కూలీల మాటలను రికార్డు చేయించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

– ఒక పొగాకు రైతు, కొండపి మండలం, ప్రకాశం జిల్లా