చెరువు కట్ట దారి గురించి, అందరూ ఒకసారి చదవండి

అన్నలూ అక్కలూ, నిన్న పొద్దున కట్ట మీద నడుస్తుంటే తూముకి అవతల చెరువు జాగా కలుపుకుంటా ఎవరో మళ్ళా కొత్తగా రాళ్ళు పాతి ఉన్నారు, ఇట్టా ఏటా కొంచెం కొంచెం లోపలికి జరుగుతా పోతే మన పిల్లలకి చెరువు అని చూపించడానికి గుంట కూడా మిగల్దు. ఊరి ఉమ్మడి భూములు, చెరువులు ఆక్రమిస్తే తీసేయాలని 2011లోనే సుప్రీంకోర్టు చెప్పింది, నీళ్ళు, భూమి, చెట్లు కాపాడే 2002 నాటి వాల్టా చట్టం కూడా మనకి ఉంది. కానీ అడిగేవాళ్ళు లేకపోతే కాగితం ఏం చేస్తదండీ.

అందుకే ముందు సర్వే చేయించి హద్దు రాళ్ళు వేయించమని అర్జీ పెడదాం, ఒక్కరు సంతకం పెడితే పక్కన పడేస్తారు, ఇంటికొకరు పెడితే తీసి చూస్తారు.

తర్వాత బడి కాడ నుంచి చెరువు దాకా కాలవ పక్కన నడిచే దారి, దానెంబడి కానుగ, వేప, నేరేడు. కట్ట నెత్తిన మాత్రం పెద్ద చెట్లు వద్దు, వేర్లు కుళ్ళితే ఆ సందుల్లోంచి నీళ్ళు కారి కట్టకే ముప్పు. సర్కారు తుమ్మ మొదలంటా తీయాలి, పైన కొడితే మళ్ళా చిగురేస్తది.

2022 దాకా మన నెల్లూరు జిల్లాలోనే ఉన్న నేలపట్టు పక్షుల కేంద్రం చూడండి, గూడబాతుల (పెలికాన్ పిట్టల) రెట్ట కలిసిన చెరువు నీళ్ళు పొలానికి బలమని అక్కడి రైతులే పిట్టల్ని కాపాడుకుంటా వచ్చారు. గొర్రెలు మేపేవాళ్ళని, చేపల వాళ్ళని కూడా పిలవండి, వాళ్ళని కాదని చేస్తే ఒక్క మొక్క బతకదు.

ఆదివారం పొద్దున 7 గంటలకి రామాలయం కాడ. వచ్చేవాళ్ళు ఇక్కడే చెప్పండి.