నాన్నకు, రేక్యవిక్ నుంచి

నాన్నగారికి నమస్కారాలు. నేను క్షేమం. అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా?

మొన్న ఫోనులో, "బొగ్గు లేదు, పెట్రోలు లేదు, నాలుగు లక్షల మంది కూడా లేరు, ఆ ఐస్‌లాండ్‌కు అంత డబ్బు ఎక్కడిదమ్మా?" అన్నారు. జవాబు చెప్పేలోపే కరెంటు పోయింది. మీరు ఫోను మంచం మీద పడేసి జనరేటర్ దగ్గరికి పరుగెత్తారు. మన రొయ్యల గుంటల్లో గాలి కలిపే ఏరియేటర్లు మళ్లీ నీళ్లు చిమ్మే చప్పుడు వినిపించేదాకా నాకూ ఊపిరాడలేదు. ఆ జవాబే ఇది.

చేపలు, పర్యాటకులు సరే, అసలు విషయం కరెంటే. పది వంతుల్లో ఏడు వంతులు నదుల నుంచి, తక్కినది భూగర్భంలోని వేడి నుంచి తీస్తారు. వేడినీళ్లు కూడా నేల కిందివే. కుళాయి తిప్పితే కుళ్లిన కోడిగుడ్డు వాసన. మొదటి వారం ముక్కు మూసుకునే స్నానం చేశాను. పూర్వం చలి కాచుకోవడానికి చమురు కొనేవారట. 1973లో దాని ధర మండిపోయాక భూమి వేడి మీదికి మళ్లారు. ఇప్పుడు పదిళ్లలో తొమ్మిదింటికి అదే. చమురుకు పోయే సొమ్ము దేశంలోనే మిగిలింది.

మిగులు కరెంటు అమ్ముకుందామంటే చుట్టూ సముద్రం, ఏ దేశానికీ లైను లేదు. అందుకని దాన్ని అల్యూమినియంగా మార్చి ఓడ ఎక్కిస్తున్నారు. విమానాశ్రయం నుంచి వచ్చే దారిలోనే 1969 నాటి కర్మాగారం కనిపిస్తుంది. ముడిసరుకూ వీళ్లది కాదు, దిగుమతే. టన్ను అల్యూమినియానికి సుమారు పదిహేను వేల యూనిట్ల కరెంటు కావాలి. నేను మన లెక్కలోకి మార్చి చూశాను: రెండు హార్స్‌పవర్ ఏరియేటర్లు పది, రోజుకు పది గంటలు, వంద రోజులు. మన ఒక పంట కరెంటంతా ఇక్కడ ఒక్క టన్ను లోహం! దేశం కరెంటులో సగానికి పైగా ఈ కర్మాగారాలకే పోతుంది. ఇన్ని గుడ్లు ఒకే గంపలో పెట్టడం నాకు నచ్చదు.

వాన తగ్గితే వీళ్లకూ తిప్పలే. 2021 చలికాలంలో జలాశయాలు అడుగంటి, చేపల పొడి చేసే ఫ్యాక్టరీలకు కోత పెట్టారు. వాళ్లు చమురు మండించి నడుపుకున్నారు, అచ్చం మీలాగే. రొయ్యల మేతలో పడేది ఆ పొడే కదా!

మన గట్టు మీద నిలబడితే నేలటూరు బొగ్గు కరెంటు కేంద్రం పొగగొట్టాలు కనిపిస్తాయి. అక్కడ 800 మెగావాట్ల యూనిట్లు మూడు. కానీ బొగ్గు ఒడిశా నుంచో, ఇండోనేషియా నుంచో ఓడలో రావాలి. 2022 జనవరిలో ఇండోనేషియా ఎగుమతులు కొన్నాళ్లు ఆపేసింది. ఆ ఏప్రిల్‌లో మన రాష్ట్రంలో పరిశ్రమలకు పవర్ హాలిడే వచ్చినప్పుడు చీమకుర్తిలో మామయ్య గ్రానైట్ కటింగ్ మిషన్లు ఆపుకుని, కూలీలకు కూర్చోబెట్టి జీతాలిచ్చాడు, గుర్తుందా? ఇక్కడి నదికి ధర పెంచేవాడు లేడు, అక్కడి బొగ్గుకు ఉన్నాడు.

అయితే మొన్నటి కోతకు బొగ్గును తిట్టకండి. నేలటూరు కరెంటు పెద్ద లైన్లెక్కి ఎక్కడికో పోతుంది. మన గుంటలకు వచ్చేది సబ్‌స్టేషన్ నుంచి పొలాల మీదుగా వాలిపోయిన తీగల్లో. స్తంభాలు మార్చమని మరోసారి అర్జీ పెట్టండి.

అమావాస్య దగ్గరపడుతోంది, రొయ్యలు గుల్ల విడిచే రోజులు, ఏరియేటర్లు ఆగకూడదు. డీజిల్ రెండు డబ్బాలు ముందే తెప్పించండి. జనరేటర్ బ్యాటరీ కూడా ఒకసారి చూపించండి, మొన్న నాలుగోసారికి గానీ స్టార్ట్ కాలేదు, నేను లెక్కపెట్టాను.

మీ
చిన్నమ్మాయి