జీన్ టియర్నీ బిడ్డకు వచ్చింది విధి కాదు, రుబెల్లా

సంపాదకులకు,

మీ ఆదివారం అనుబంధంలో హాలీవుడ్ నటి జీన్ టియర్నీ మీద వచ్చిన వ్యాసం చదివాం. 1944 నాటి ‘లారా’, ఆ మరుసటేటి సినిమాకు ఆస్కార్ నామినేషన్, దుస్తుల డిజైనర్ కాసినీతో పెళ్లి, విడాకులు, ‘పిచ్చాసుపత్రి’ అన్నీ వరసగా రాశారు. పెద్ద కూతురి దగ్గరికి వచ్చేసరికి ‘విధి వక్రించి అవిటి బిడ్డ పుట్టింది’ అని ఒక్క ముక్కలో దాటేశారు. ఈ ఉత్తరం ఆ ముక్క కోసమే. ఆ జబ్బుకు పేరుంది, వారాల లెక్క ఉంది, ఇప్పుడైతే సూది కూడా ఉంది.

1943లో టియర్నీకి గర్భం తొలి నెలలు. యుద్ధకాలం. సైనికులను ఉత్సాహపరచడానికి తారలు హాలీవుడ్ క్యాంటీన్‌కు వెళ్తుండేవారు, ఆమె కూడా వెళ్లింది. తర్వాత ఒంటి మీద ఎర్రటి దద్దు లేచింది. జర్మన్ మీజిల్స్ (రుబెల్లాకే ఇంకో పేరు) అన్నారు, తగ్గిపోయింది. అక్టోబర్ 15న వాషింగ్టన్‌లో నెలలు నిండకుండానే పాప పుట్టింది. బరువు 1.4 కిలోలు. ఒంట్లో రక్తమంతా మార్చారు. చెవులు వినిపించవు, కళ్లలో శుక్లాలు, బుద్ధి ఎదగలేదు. చాలా రోజులకు ఒక టెన్నిస్ వేడుకలో ఓ అభిమాని ఎదురైంది. మెరైన్స్ మహిళా దళంలో ఉండగా తనకు జర్మన్ మీజిల్స్ వచ్చిందనీ, అయినా క్వారంటైన్ తప్పించుకుని క్యాంటీన్‌కు వచ్చి మిమ్మల్ని చూశాననీ సంబరంగా చెప్పింది. టియర్నీ మారు మాట్లాడకుండా వెళ్లిపోయింది. ఆమె 1979లో రాసుకున్న ఆత్మకథలో ఉన్న సంగతే ఇది.

1948లో రెండో కూతురు ఆరోగ్యంగా పుట్టింది. ఒకసారి వచ్చిపోయిన రుబెల్లా మళ్లీ రావడం బహు అరుదు. తల్లిది ‘దోషం’ అనేవాళ్లు ఈ సంగతి గమనించాలి.

గర్భిణికి రుబెల్లా వస్తే బిడ్డకు శుక్లాలు వస్తాయని ఆస్ట్రేలియా కంటి డాక్టరు నార్మన్ గ్రెగ్ 1941లోనే చెప్పారు. టీకా మాత్రం అమెరికాలో 1969కి గానీ రాలేదు. మొదటి 12 వారాల్లో బిడ్డ కన్ను, చెవి, గుండె తయారవుతుంటాయి. వైరస్ మాయ (ప్లాసెంటా) దాటి అక్కడికే పోతుంది. ఆ వారాల్లో సోకితే నూటికి 90 మంది దాకా బిడ్డలకు దెబ్బ తగలొచ్చు, 20 వారాలు దాటాక అరుదు. తల్లికి మాత్రం నలత, చెవుల వెనక బిళ్లలు, మూడు రోజుల దద్దు, అంతే. చాలామందికి దద్దు కూడా లేవదు. పైగా దద్దు కనబడే వారం ముందు నుంచే ఎదుటివాళ్లకు అంటుకుంటుంది. కాబట్టి దద్దు చూశాక వేపమండలు కట్టి గదిలో కూర్చోబెడితే అప్పటికే ఆలస్యమైపోయి ఉంటుంది.

మన దగ్గర ఇలాంటి బిడ్డ పుడితే తల్లి గ్రహణం చూసిందంటారు. మర్రిగూడ, చండూరు వైపైతే ఫ్లోరైడ్ నీళ్ల మీదికి నెట్టేస్తారు. ఫ్లోరైడ్ పళ్లనూ ఎముకలనూ పట్టుకుంటుంది. పుట్టిన బిడ్డ కంటిపాపలో తెల్లగా కనబడితే అది నీళ్ల పని కాదు. వెంటనే కళ్ల డాక్టరుకు చూపించాలి, చెవులూ గుండే పరీక్ష చేయించాలి.

ఇక సూది సంగతి. 2017 ఆగస్టులో తెలంగాణలో తట్టు-రుబెల్లా (ఎంఆర్) టీకా మొదలైనప్పుడు 9 నెలల నుంచి 15 ఏళ్లలోపు పిల్లలకే వేశారు. అంటే 2002 ఆగస్టుకు ముందు పుట్టినవాళ్లకు అందలేదు. వాళ్ల చిన్నప్పుడు సర్కారు దవాఖానలో వేసింది ఒట్టి తట్టు టీకానే. ఇవాళ కాన్పులకు వస్తున్న కోడళ్లలో వీళ్లు ఎందరో ఉన్నారు. రుబెల్లా ఐజీజీ రక్తపరీక్షలో రక్షణ ఉందో లేదో తెలుస్తుంది. లేకపోతే గర్భం రాకముందే డాక్టరును అడిగి ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా మూడింటి టీకా) వేయించుకుని, తర్వాత నెల రోజులు గర్భం రాకుండా చూసుకోవాలి. అది బతికున్న వైరస్ టీకా, కడుపుతో ఉన్నప్పుడు వేయరు. తెలియక వేయించుకున్నారని గర్భం తీయించుకోనక్కర్లేదు. కాన్పయ్యాక వేసుకోవచ్చు, పాలిస్తున్నా ఫర్వాలేదు.

పిల్లలకు మొదటి డోసు 9 నెలలు నిండాక, రెండోది 16-24 నెలల మధ్య. తప్పిపోయేది ఎక్కువగా రెండోదే. ఆ వయసుకు మద్దూరు, కోస్గి లాంటి చోట్ల నుంచి కుటుంబం వలస పోయి ఉంటుంది, కార్డు ఊళ్లో దూలం సందులో ఉంటుంది. కార్డు వెంట తీసుకుపోతే ఏ ఊళ్లోనైనా వేస్తారు. ఇంకో తప్పు టీకాలు వేసే మా వల్లే జరుగుతుంది. సీసాలో చాలా డోసులుంటాయి. ముగ్గురే వచ్చారని సీసా విప్పకుండా ‘వచ్చే వారం రండి’ అనడం. ఒక్క బిడ్డ వచ్చినా విప్పమనే నిబంధన. పొడి మందులో కలిపే నీళ్లు కూడా ముందురోజు నుంచే చల్లగా ఉండాలి. మే నెల మిర్యాలగూడ ఎండకు వేడెక్కిన నీళ్లు కలిపితే మందు చస్తుంది. కలిపిన టైము సీసా మీద రాసి, 4 గంటలు దాటితే పారేయాలి. ఆ తర్వాత అందులో పెరిగే క్రిములు బిడ్డ ప్రాణానికే ముప్పు. తల్లులు సీసా మీద టైము చూపించమని అడగొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు.

టియర్నీ మానసిక జబ్బంతా బిడ్డ వల్లే వచ్చిందని మేం అనం, అంత తేలిగ్గా చెప్పే విషయం కాదది. 1955లో వచ్చిన సినిమా షూటింగులో ఆమె మాటలు మరిచిపోతుంటే, పక్కన నటిస్తున్న హంఫ్రీ బోగార్ట్ అందించేవారు. ఇంట్లో చెల్లెలి జబ్బు చూసిన మనిషి గనుక గుర్తుపట్టి, డాక్టరు దగ్గరికి వెళ్లమన్నారు. తర్వాత ఆమెకు 27 సార్లు షాక్ చికిత్స ఇచ్చారు. జ్ఞాపకాలు పోయాయని ఆమె దాన్ని గట్టిగా తప్పుబట్టింది. కోలుకుని 1962లో మళ్లీ తెర మీదికి వచ్చింది కూడా. మీ వ్యాసం ఆసుపత్రి దగ్గరే ఆగిపోయింది.

సవరణ వేసేటప్పుడు రుబెల్లా పేరు రాయండి. పక్కన కాస్త చోటుంటే 9 నెలలు, 16-24 నెలలు అన్న రెండు అంకెలూ వేయండి.

ఇట్లు,
టీకాల పని చూసే ఆరోగ్య కార్యకర్తలు,
నల్గొండ జిల్లా