మీ గిన్నెలు మా ఇంట్లోనే ఉన్నాయి

ఇల్లు కడుక్కుని, మంచాలు ఎండబెట్టుకుని అమ్మానాన్న మళ్ళీ గోదారి మధ్య మా లంకలో కుదురుకున్నారు. వరదలో మమ్మల్ని ఆదుకున్నవాళ్ళ కోసం రోజూ రాద్దామనుకుంటూ వాయిదా వేసిన నాలుగు మాటలు ఇవాళ రాస్తున్నాను. పేర్లు పెట్టొద్దని అందరూ గట్టిగా చెప్పారు, పెట్టడం లేదు. ఎవరి సంగతి వాళ్ళకి చదవగానే తెలిసిపోతుంది.

2022 జులై వరద గురించి కోనసీమలో మన పి.గన్నవరం చుట్టుపక్కల వాళ్ళకి నేను చెప్పేదేముంది. ఏటా ఎర్రనీరు రావడం, కాజ్‌వే మునగడం, పడవెక్కి అవతలికి పోవడం మనకి మామూలే. కానీ ఆషాఢంలోనే ఇంత నీరేమిటని పెద్దవాళ్ళు కూడా తెల్లబోయారు. భద్రాచలం దగ్గర గోదారి 53 అడుగులు దాటిందన్నా మా నాన్న కదల్లేదు. "ఎనభై ఆరులో 75 అడుగులు చూశాం" అని ఒకటే మాట. అసలు కారణం అది కాదండి. జూన్‌లో కొబ్బరితోటలో జారిపడి కాలు విరగ్గొట్టుకున్నారు, తొడ దాకా సిమెంటు కట్టు. తనని మోసుకెళ్ళడం అందరికీ ఇబ్బందని మొహమాటం.

నేను హైదరాబాద్‌లో ఉన్నాను. ధవళేశ్వరం దగ్గర 17 లక్షల క్యూసెక్కులు దాటి మూడో హెచ్చరిక వచ్చాక ఫోన్ చేస్తే అమ్మది స్విచ్ఛాఫ్, నాన్నదీ అంతే. లంకలో కరెంటు ఉంటేగా. ఆ రాత్రి టెన్షన్ గురించి ఇక్కడ రాయను.

తెల్లారి మందుల షాపు తమ్ముడు వాట్సాప్‌లో ఒక ఫొటో పంపాడు. పడవలో అడ్డంగా మా నవారు మంచం. దాని మీద నాన్న. సిమెంటు కట్టు తడవకుండా యూరియా సంచి తొడిగి, పైన కొబ్బరితాడుతో బిగించి కట్టారు. ఒళ్ళో రేడియో! అది వదిలి రానని పేచీ పెట్టారట. నీళ్ళు అప్పటికే అరుగు ఎక్కేశాయి. నలుగురు కుర్రాళ్ళు మంచం నాలుగు కోళ్ళూ పట్టుకుని, నడుంలోతు నీళ్ళలో రేవు దాకా మోసుకొచ్చారు. అందులో ఒకతను మాతో గట్టు తగాదా ఉన్నవాళ్ళబ్బాయి. ఇది రాయొద్దంటాడేమో, అయినా రాశాను.

అమ్మని పడవెక్కించడం ఇంకా కష్టమైందట. గేదెలు రెండూ ఎక్కితే గానీ తను ఎక్కనంది. వాటిని ఇంకో పడవలో దాటించి ఏటిగట్టు మీద కట్టేశాకే కాలు కదిపింది. గట్టు అవతలి ఊళ్ళో, మాకు ముఖపరిచయం కూడా లేని ఇంట్లో తొమ్మిది రోజులు ఉన్నారు. ఆ ఇంటాయన తన మంచం నాన్నకిచ్చి తను అరుగు మీద పడుకున్నారు. మా గేదెల పాలు పితికి గట్టు మీది టార్పాలిన్ల కింద ఉన్న పిల్లలకి పోసిన అక్కకి, ఎక్కణ్ణించో ఎండుగడ్డి తెచ్చి పడేసిన ఆటో అన్నకి కూడా దండాలు.

నీళ్ళు లాగాక నేను వచ్చాను. పడవ సరంగు బాబాయికి కనీసం డీజిల్ డబ్బులైనా ఇద్దామని వెళ్ళాను. "నీ పెళ్ళికి పిలవలేదు గానీ, డబ్బులివ్వడానికి వచ్చావా?" అన్నాడు. నిజమే, పిలవలేదు. మర్చిపోయాం బాబాయ్, క్షమించు.

ఇల్లు చూస్తే గుండె జారిపోయింది. జానెడు ఒండ్రు, బియ్యం డబ్బాలో గోదారి, పెరట్లో అరటితోట మొత్తం కుళ్ళి ఒకటే వాసన. ఊళ్ళోవాళ్ళు అడక్కుండానే పారలు పట్టుకుని వచ్చారు. ఇంట్లో పొయ్యి వెలిగేదాకా రోజూ ఏదో ఒక ఇంటి నుంచి అన్నం, పప్పు, పులుసు. పి.గన్నవరంలో కాలువని గోదారి పాయ మీదుగా దాటించే అక్విడక్టు మీద డొక్కా సీతమ్మ గారి పేరు చూసుకుంటూ పెరిగిన వాళ్ళం. వేళ కాని వేళ వచ్చిన వాళ్ళకి కూడా ఆవిడ వండి పెట్టేవారని చిన్నప్పుడు పదేపదే వింటే ఏముందిలే అనిపించేది. మొన్న ఆ పప్పన్నం తింటుంటే తెలిసింది.

ఇక అసలు విషయం. ఆ గిన్నెలన్నీ మా ఇంట్లోనే ఉండిపోయాయి. మూడు క్యారేజీలు, ఒక ఇత్తడి గరిట, సొట్ట పడిన పెద్ద స్టీలు బేసిను, ఏడు గిన్నెలు. కొన్నిటి మీద పేర్లు చెక్కి ఉన్నాయి గానీ ఆ పేరున్నవాళ్ళు మన లంకలో నలుగురైదుగురు. ఇంటింటికీ పంపుదామంటే అమ్మ ఒప్పుకోవడం లేదు, ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వకూడదట. అరటి పోయినా కొబ్బరి నిలబడింది కాబట్టి ఆదివారం కొబ్బరి లౌజు చేస్తోంది. సాయంత్రం వచ్చి ఎవరి గిన్నె వాళ్ళు పట్టుకెళ్ళండి. మూతలు మాత్రం సరిచూసుకోండి, రెండు తారుమారైనట్టున్నాయి.