ఆకు తక్కువైతే ఆమెదే భారం

నిజామాబాద్, జగిత్యాల జిల్లాల్లో ఇంటి వద్ద బీడీలు చుట్టే మహిళలకు కూలి లెక్కల్లో జరుగుతున్న అన్యాయాన్ని కార్మిక శాఖ పట్టించుకోవడం లేదు. మా పక్కింటి ఆమె రాత్రే తునికాకు తడిపి, తెల్లవారగానే రేకు ముక్క ఆనించి కత్తెరతో కత్తిరించుకుంటుంది. కూలి మాత్రం వెయ్యి బీడీలకు ఇంత అని ఇస్తారు. ఈ కత్తిరింపు ఏ లెక్కలోకీ రాదు. ఇచ్చిన ఆకులో చిల్లులు ఎక్కువైతే, తక్కువ పడిన కట్ట ఆమే కొనుక్కోవాలి. కార్ఖానాలో బాగా లేవని పక్కన పడేసిన బీడీలకు పైసా రాదు, అవి తిరిగి ఆమె చేతికీ రావు. మరి అవి ఎక్కడికి పోతున్నట్టు? 1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టమే ఇంటి వద్ద చుట్టేవారిని కార్మికులుగా గుర్తించింది. ఇంటి పనివారి కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో తెచ్చిన 177వ ఒప్పందాన్ని మన దేశం ఇంకా ఆమోదించలేదు. అది తేలేదాకా ఆగనక్కర్లేదు. ఇచ్చిన ఆకు తూకం, తీసుకున్న బీడీలు, తీసేసినవి, తీసేసిన కారణం ఆమె దగ్గరే ఉండే పుస్తకంలో ఏ రోజుకారోజు రాయించాలి. కార్ఖానా కాటాను ముందుగా చెప్పకుండా తనిఖీ చేయాలి.

– ఒక పాఠకురాలు, ఆర్మూర్